ఎమ్మిగనూరులో నేడు నాటకం

శాసనసభ ఎన్నికలు జరిగిన ఏడాది ఫిబ్రవరిలో నన్ను కర్నూలు నుంచి ఆదోనికి స్టాఫ్ రిపోర్టర్‌గా బదిలీ చేశారు. నా ఉద్యోగంలో అదే ఆఖరి పోస్టింగు. చుట్టుపక్కల మండలాల్లో మా పత్రికకు కంట్రిబ్యూటర్లు, అంటే ఊళ్లోనే ఉండి వార్తలు పంపే విలేకరులు ఉండేవారు. వాళ్లు వాట్సాప్‌లో పంపినదాన్ని నేను సరిదిద్ది కర్నూలు డెస్కుకు పంపాలి. శీర్షిక ఖరారు చేయడం, ఏ పేజీలో ఎక్కడ వేయాలో తేల్చడం డెస్కులోని సబ్ఎడిటర్ పని. నా చేయి దాటిన వార్త ఏ రూపంలో అచ్చయిందో పొద్దున పేపరు చూస్తే గానీ నాకూ తెలియదు.

అప్పట్లో రెండు ప్రధాన పార్టీల స్థానిక నాయకులు రోజూ ప్రకటనలతో కొట్టుకునేవారు. అవతలివాళ్ల పాదయాత్ర నాటకం, దీక్ష నాటకం, కన్నీళ్లూ నాటకమే. మేమూ తక్కువ తినలేదు. టికెట్ల గొడవకు ‘తెర లేచింది’ అని, రాజీ కుదిరితే ‘తెర పడింది’ అని శీర్షికలు పెట్టేవాళ్లం. నిజం నాటకానికి మాత్రం ‘నేటి కార్యక్రమాలు’ కింద రెండు వాక్యాలు దక్కితే గొప్ప. ఉగాది అయ్యాక కైరుప్పల జాతరలో పిడకలతో కొట్టుకుంటారంటే ఫొటోగ్రాఫర్లు పోటీపడి పోతారు. పద్యనాటకానికి రమ్మంటే ఒక్కరికీ తీరిక ఉండదు.

అలాంటి రోజుల్లో ఈరన్న అనే హార్మోనియం మాస్టారు ఎమ్మిగనూరు నుంచి మా ఆఫీసుకు వచ్చారు. మగ్గం నేసేవాళ్లు, బడిపంతుళ్లు కలిసి నడుపుకునే నాటక బృందానికి ఆయన గురువు. కొత్తగా తానే ఒక పద్యనాటకం రాశారు. చెరువు తవ్విస్తానని ఊరికి మాటిచ్చి, సింహాసనం ఎక్కాక మరిచిపోయిన రాజు కథ అది. తెల్లవార్లూ ఆడే పద్ధతి మానేసి, సాయంత్రం మొదలుపెట్టి భోజనాల వేళకు ముగిసేలా కుదించారు. అయినా అంతకుముందు ఆడిన చోట్ల జనం కంటే కుర్చీలే ఎక్కువ కనిపించాయట.

“ఈతూరి జనం రాకుంటే ఇంగ సాలిస్తామమ్మా. రోంత కండ్లకు కనపడేట్టు రాయండి,” అన్నారు.

ఎమ్మిగనూరు కంట్రిబ్యూటర్ ఖాజాకు చెప్పాను. అతను ఉత్సాహంగా రాసి పంపాడు. ‘ఇచ్చిన మాట తప్పిన పాలకుడి బండారం ఈ సాయంత్రం మగ్గాల కాలనీలో ప్రజల ముందు బయటపడనుంది’ అన్నది మొదటి వాక్యం. తర్వాత నటీనటుల పేర్లు, హార్మోనియం, తబలా వివరాలు. నేను ‘ఎమ్మిగనూరులో నేడు పద్యనాటకం’ అని శీర్షిక సూచించి పంపేశాను.

సింగిల్ కాలమ్ వెడల్పులో ఆ శీర్షిక పట్టలేదు కాబోలు, డెస్కులో ‘పద్య’ తీసేశారు. చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోయడం మా వృత్తిలో మామూలే. అలా నటీనటులూ హార్మోనియమూ పోయి, మొదటి వాక్యం ఒక్కటే మిగిలింది. పైగా దాన్ని ఇద్దరు నాయకుల ప్రకటనల మధ్యలో పెట్టారు.

తెల్లారేసరికి ఖాజా ఫోను.

“మేడం, ఎవుర్ని తిట్టేకి పెట్టినారని రెండు పార్టీలోళ్లూ అడగతాండారు. నాటకమంటే నిజం నాటకమేనప్పా అంటే నమ్మరు.”

మధ్యాహ్నం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. కాలనీలో షామియానా కింద అప్పటికే ఒక పక్క ఒక పార్టీవాళ్లు, రెండో పక్క ఇంకో పార్టీవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. ఈ గొడవేంటో చూద్దామని మిగతా ఊరు వెనక నిలబడింది. ఈరన్న గారు అంత జనాన్ని చూసి హార్మోనియం ముందు కూర్చోవడం కూడా మరిచిపోయారు. ఆ సంతోషం నిలిచేలా లేదు. ఎస్సై జీపు దిగి, కొట్లాట జరిగితే ఎవరిది పూచీ, ఈ రోజుకు ఆపేసి ఇంకోసారి ఆడుకోండి అన్నాడు. ఇంకోసారి ఇంత జనం రారని మాస్టారికి తెలుసు.

అప్పుడు తెర పక్క నుంచి రాజు వచ్చాడు. ఆ వేషం కట్టింది నరసమ్మ. పగలు మగ్గం మీద చీరలు నేస్తుంది, పద్యం ఎత్తుకుంటే మైకు అక్కర్లేదు. తలపై కిరీటం, మెలితిప్పిన మీసం, చేతిలో అట్టకత్తి.

“ముందు రోంతసేపు కూసోని సూడండి సార్. కొట్లాటొస్తే ఈ రాజునే జీపులో ఏసుకపోండి,” అంది నింపాదిగా.

ఎస్సై నవ్వు ఆపుకోలేకపోయాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు.

రాజు చెరువు మాట ఎత్తగానే ఒక పక్కవాళ్లు ఇది మీ నాయకుడే అని చేతులు చూపించారు. రాజు మాట తప్పగానే రెండో పక్కవాళ్లు మీవాడే అన్నారు. ‘కుర్చీ ఎక్కేదాకా నీళ్లు, ఎక్కినాక కన్నీళ్లు’ అని ముగిసే పద్యానికి రెండు పక్కలా ఒకేసారి వన్స్‌మోర్ లేచింది. నరసమ్మ మళ్లీ పాడింది. అటువాళ్లు తృప్తిపడితే ఇటువాళ్లు ఇంకోసారి అన్నారు. పాడిన ప్రతిసారీ రాగం ఇంకాస్త సాగదీసింది. చివర్లో పల్లె ఆడవాళ్లు రాజుకు బిందె ఇచ్చి నీళ్లకు తరుముతారు. కిరీటం ఒక చేత్తో, బిందె ఒక చేత్తో పట్టుకుని నరసమ్మ పరుగెత్తుతుంటే ఎవరు ఏ పార్టీయో ఎవరికీ గుర్తులేదు. ఎస్సై కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నేను కూడా రాసుకోవడం మానేసి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఇద్దరు నాయకులూ నాటకాన్ని మెచ్చుకుంటూ ప్రకటనలిచ్చారు. అవతలివాళ్ల బండారం చక్కగా బయటపెట్టారట. గూడూరు నుంచి, ఆస్పరి పల్లెల నుంచి బృందానికి పిలుపులు వచ్చాయి. డెస్కువాళ్లు ఫోటోతో నాలుగు కాలమ్‌ల వార్త వేశారు.

ఆ సాయంత్రం నుంచి నేను వార్తకు మొదటి వాక్యంలోనే విషయం మొత్తం చెప్పేయడం అలవాటు చేసుకున్నాను. ఇంకోటి కూడా అర్థమైంది. జనాన్ని రప్పించడానికి శీర్షిక చాలు, పొరపాటు శీర్షికైనా సరే. వచ్చినవాళ్లను చివరిదాకా కూర్చోబెట్టాలంటే మాత్రం ఆడేవాళ్లకు పని వచ్చి ఉండాలి.