సంతకం ఎవరిది

డెబ్బైల చివర షికాగో శివార్లలో, కార్ల బంపర్లకు క్రోమియం పూత పూసే ఫ్యాక్టరీలో నేను కెమిస్టుని. వాగులోకి వదిలే నీళ్లను వారం వారం పరీక్షించి, ప్రభుత్వానికి పంపే రిపోర్టు మీద సంతకం పెట్టాలి. నీళ్లలో క్రోమియం అంకె ఎక్కువొస్తే మేనేజరు తగ్గించి రాయమనేవాడు. నా గ్రీన్‌కార్డు కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి. సిగ్గుగానే ఉండేది, అయినా రాసేవాణ్ణి.

గుంటూరు కాలేజీలో పట్టిన అలవాటు మాత్రం వదల్లేదు. వచ్చిన అంకె వచ్చినట్టు ముందు అబ్జర్వేషన్ బుక్‌లో, తర్వాత అందంగా రికార్డులో. అబద్ధం రాసే మనిషి నిజాన్ని కూడా పక్క పుస్తకంలో రాసి పెట్టుకుంటాడా? నేను పెట్టుకున్నాను, తెలివి తక్కువవాణ్ణి కాబట్టి.

వాగులో చేపలు చచ్చి తేలాక ప్రభుత్వ లాయరు వచ్చాడు.

"కంపెనీని జైల్లో పెట్టలేం. సంతకం పెట్టినవాణ్ణి పెట్టొచ్చు," అన్నాడు.

రెండేళ్ల రిపోర్టుల మీద ఉన్నది నా ఒక్కడి సంతకం.

ఇంటికొచ్చి నా భార్యకు అంతా చెప్పాను.

"ఆ అబ్జర్వేషన్ బుక్ ఇచ్చేయండి."

"జాబ్ పోతుంది. గ్రీన్‌కార్డూ పోతుంది."

"ఇవ్వకపోతే మీరే పోతారు. రేపు లాయర్ ఆఫీస్‌కి నేను డ్రైవ్ చేస్తాను. మీరు చేస్తే దారిలో వెనక్కి తిప్పేస్తారు."

పుస్తకం ఇచ్చాను. లాయరు నన్ను నిందితుల్లోంచి తప్పించి సాక్షిని చేశాడు. కోర్టులో కంపెనీ వాళ్లు జరిమానా ఎంతైనా కడతామన్నారు. మేనేజరు కరెంటు బిల్లు కట్టేవాడిలా నిశ్చింతగా కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంకేమైనా చెప్పాలా అని జడ్జి అడిగితే, లేచి అనేశాను.

"ఇకమీదట రిపోర్టు మీద సంతకం కంపెనీ ప్రెసిడెంటు చేత పెట్టించండి."

జడ్జి జరిమానాతో పాటు అదీ రాశాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదనీ రాశాడు.

తర్వాతి సోమవారం, ఎన్నడూ మేడ దిగని ప్రెసిడెంటు ల్యాబ్‌కి వచ్చాడు. రిపోర్టు ముందు పెట్టాను. పెన్ను కాగితం దాకా వెళ్లి ఆగింది.

"ఈ నంబరు నిజమేనా?"

"నిజమే."

పెన్ను పక్కన పెట్టాడు.

"నీ దగ్గర రెండో పుస్తకం ఉంటుందటగా. అది చూపించు."

చూపించాను. రెండు అంకెలనూ వేలితో పోల్చి చూసుకుని, అప్పుడు సంతకం పెట్టాడు.

నా చెయ్యి రెండేళ్లలో ఒక్కసారైనా అలా ఆగలేదు.