రెండో దారి లేని దీవి

ఆ రోజుల్లో ధైర్యం అనేది పాఠ్యపుస్తకంలో ఉంటుందని, చదివి పిల్లలకు చెప్తే మనకూ వచ్చేస్తుందని నాకు గట్టి నమ్మకం. ఇరవై నాలుగేళ్లదాన్ని. జనగామలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచర్‌గా చేరి రెండేళ్లయింది. ప్రతి ఏడూ ఆరో తరగతికి "నాలుగు వైపులా నీళ్లున్న భూభాగాన్ని ద్వీపం అంటారు" అని చెప్పేదాన్ని. బోర్డు మీద ఆలుగడ్డ లాంటి బొమ్మ గీసి, దాని చుట్టూ నాలుగు అలలు గీసి, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ ఇప్పుడే అక్కడి నుంచి దిగివచ్చినట్టు నిలబడేదాన్ని. నిజానికి నేను చూసిన పెద్ద నీళ్లంటే మేడారం జాతరలో జంపన్న వాగు. అందులోనూ దిగలేదు. ఇంటిల్లిపాదీ మునిగి లేస్తుంటే నేను గట్టు మీద చెప్పులకు కాపలా కాశాను. (ఆ పని నాకెవరూ అప్పజెప్పలేదు, నేనే నెత్తిన వేసుకున్నాను. అంత జాతరలో ఒక్క చెప్పు కూడా పోని కుటుంబం మాదేనని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.)

మా ఇల్లు భూపాలపల్లిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో. బాపు ముప్పై ఏళ్లుగా బాయి దిగుతున్న మనిషి. బాయి దిగేవాళ్ల ఇళ్లలో కొన్ని పట్టింపులుంటాయి. డ్యూటీకి పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు, "పైలం" అని జాగ్రత్తలు చెప్పకూడదు, ఎప్పుడొస్తావని అడగకూడదు. మా అమ్మ అవేవీ అనేది కాదు. బాపు గడప దాటేటప్పుడు ఒక్కటే అడిగేది, "అచ్చినంక ఏం తింటవ్?" అని. బాపు "ఏదైనా" అనేవాడు. ఏదైనా అన్నాక మళ్లీ రేపు అడగడం దేనికో, అడిగీ అడిగీ చివరికి ఆ టమాట పప్పే వండడం దేనికో నాకు అర్థమయ్యేది కాదు. చదువుకున్నదాన్ని కదా, నవ్వుకునేదాన్ని.

బాపు మరుసటి ఏడు రిటైర్ అవుతాడనగా, ఇంటివాళ్లను తీసుకొని ఎక్కడికైనా పోయిరమ్మని కంపెనీ ఇచ్చే సెలవు ఆఖరిసారి వచ్చింది. అంతకుముందు వచ్చినవన్నీ తిరుపతికే చెల్లాయి. ఈసారి యాడికి పోదామని బాపు అడిగితే, పుట్టి బుద్ధెరిగి ఏదీ అడగని మా అమ్మ, చాటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే "సముద్రం చూడాలె" అంది. ఆ మాటకు నేను సరే అని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే నేను సోషల్ టీచర్‌ని ఎట్లా అవుతాను? "ఉత్త సముద్రం ఏందమ్మా, ఏకంగా దీవికే పోదాం. అండమాన్! నాలుగు దినాలు పని లేదు పాట లేదు, కొబ్బరినీళ్లు తాగుకుంట పండుడే" అన్నాను. అమ్మ చాట కింద పెట్టింది. "సుట్టు నీళ్లేనా?" అంది. "నాలుగు దిక్కులా!" అన్నాను ఆరో తరగతికి చెప్పినంత గట్టిగా. ఆ మాట నా చెవిన పడ్డాక గానీ, ఆ నీళ్ల మధ్యకు నేనూ పోవాలన్న సంగతి అర్థం కాలేదు. గుండె జారి అరికాళ్లలో పడింది.

ఏమేం చూడాలో రాసే పని సహజంగానే నాకే వచ్చింది. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను. శనివారం బడి అయ్యాక బస్సెక్కి హన్మకొండ మీదుగా ఇంటికి చేరడం, ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ముగ్గురం మీటింగు పెట్టడం. మొదటి మీటింగులోనే బాపు ఒక ప్రశ్న వేశాడు.

"దీవికి రెండో దారి యాడున్నది?"

ఇది తెలియనివాళ్లకు చెప్పాలి. భూమి కింద పనిచేసే బాయికి ఎప్పుడూ రెండు దారులుంటాయి. ఒకటి కూలినా, మూసుకుపోయినా ఇంకోదాంట్లోంచి పైకి రావాలి. బాపుకు ఆ లెక్క ఒంటికి పట్టేసింది. సినిమాకు పోతే పక్క తలుపు దగ్గర సీట్లే కావాలి. పెళ్లికి పోతే వంటలవైపు దారి ఎటుందో చూసుకొని గానీ పంక్తిలో కూర్చోడు. అప్పటిదాకా అది మా ఇంట్లో తమాషా. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. అయినా టీచర్ని కాబట్టి, "ఉన్నయి బాపూ, విమానం ఒక దారి, ఓడ ఒక దారి" అన్నాను.

బాపు చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "తుఫాన్ అచ్చిందనుకో. విమానం?"

"బంద్."

"ఓడ?"

"బంద్."

"ఒక్క తాళంతోని రెండు తలుపులు పడ్డయంటె అవి రెండు కావు బిడ్డా. ఒక్కటే."

నేను నోటుబుక్కు మూసేశాను. ఆ వారమంతా జనగామలో నా గదిలో మంచం మీద పడుకుంటే మంచం చుట్టూ నీళ్లున్నట్టే అనిపించింది.

ఇది చాలదన్నట్టు మా మేనమామ తోడయ్యాడు. మహబూబాబాద్‌లో (మా వాళ్ల నోట మానుకోట) మిర్చి యార్డులో గుమస్తా. పొద్దస్తమానం టీవీలో వార్తలు చూస్తాడని మేమంతా వార్తల మామ అంటాం. జీవితంలో ఒక్కసారి వైజాగ్ పోయాడు, అక్కడ ఒక అల వచ్చి ఆయన ఎడమకాలి చెప్పు ఎత్తుకుపోయింది. ఆ రోజు నుంచి సముద్రం గురించి మా చుట్టాల్లో ఆయన మాటే మాట. సరిగ్గా నేను పిల్లల నోట్సులు దిద్దుకునే వేళకు ఫోన్ వచ్చేది. "కోడలా, గక్కడ ఉప్పునీళ్లల్ల మొసళ్లుంటయట, ఎరికేనా?" అనేవాడు. మర్నాడు భూకంపం. ఆ మర్నాడు ఒంటికి తాకితే మంటలు పుట్టించే చేపలు. "నేను భయపెడ్తలేను కోడలా, జర ఎరిక చేస్తున్న, గంతే" అని పెట్టేసేవాడు. ఆయన ఫోన్ పెట్టగానే నేను నోటుబుక్కు తెరిచి ఒక వరుస కొట్టేసేదాన్ని.

అంతా చాలా మర్యాదగా కొట్టేశాను. నాకు భయమని ఎక్కడా రాయలేదు. మొసళ్లున్న వాగులోంచి పడవలో పోయి చూసే గుహలు: అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. నెత్తికి గాజుబుర్ర పెట్టుకొని సముద్రం అడుగున నడవడం: బాపు బీపీకి మంచిది కాదు. పడవ మీద పోయి చూసే చిన్న దీవి: అక్కడ నీడ తక్కువ. కింద అద్దం బిగించిన పడవలో కూర్చొని రంగురంగుల చేపలు చూడటం... దీనికి నాకు సాకు దొరకలేదు. ఆ పని బాపు చేసిపెట్టాడు. "పడవ అడుగుకు అద్దమా? ఎవ్వడు పెట్టిండు? వానికి పని లేదా?" అన్నాడు. సంతోషంగా కొట్టేశాను.

అప్పటికీ బుగులు తీరక (భయాన్ని మా వైపు అట్లాగే అంటాం) ఒక శనివారం చిల్పూరు గుట్ట ఎక్కాను. అక్కడి దేవుడే బుగులు వేంకటేశ్వరస్వామి. కుబేరుడి అప్పు ఎట్లా తీర్చాలని బుగులు పట్టి స్వామి ఆ గుట్ట మీదికొచ్చి కూర్చున్నాడని మా వైపు చెప్పుకుంటారు. నా బాధ అర్థం చేసుకోవడానికి ఇంతకంటే తగిన దేవుడెవరు? అందరూ క్షేమంగా పోయిరావాలని మొక్కుకుంటారు. నేను మొక్కింది అది కాదు. "స్వామీ, ఎట్లన్నా చేసి ఈ ప్రయాణం ఆగిపోయేటట్టు చూడు. కానీ నా వల్ల ఆగిందని అమ్మకు తెల్వకుంట చూడు" అని. (ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.) ఈలోపు వార్తల మామ కురవి వీరన్నకు వేరే మొక్కేశాడు. మేము మంచిగా తిరిగొస్తే బాపు గుండు ఇస్తాడని. బాపుకు అప్పటికే ముప్పావు వంతు బట్టతల.

టికెట్లు తీయడానికి ముందు ఆదివారం అమ్మ "ఏమేం రాసినవో సదువు బిడ్డా" అంది. చదివాను. మొదటి రోజు జైలు. రెండో రోజు కట్టె కోత మిల్లు. మూడో రోజు మ్యూజియం, అందులో సీసాల్లో పెట్టిన చేపలు. నాలుగో రోజు తోట. అమ్మ శ్రద్ధగా విన్నది. వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. మళ్లీ ఒకసారి చదివించుకుంది.

"కట్టె కోసుడు చూడనీకి గంత దూరం పోవాల్నా?" అంది. "మన బస్టాండు ఎన్క లేదా కోతమిషను? సీసాలల్ల చేపలు చూసుడేంది? సముద్రం యాడున్నది ఇండ్ల?"

"కిటికీలకెళ్లి కనవడ్తది అమ్మా" అన్నాను. అంతకంటే సిగ్గుమాలిన మాట నేను జన్మలో అనలేదు.

"అమ్మకు మోకాళ్ల నొప్పులు" అన్నాను మళ్లీ, ఆమె ముందే ఆమె గురించి. "బాపుకు బీపీ."

"నాకేం బీపీ? బిడ్డకే బుగులైతున్నది" అన్నాడు బాపు.

"నీకు కాదా? రెండో దారి అన్నది ఎవరు?" అన్నాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం తోసుకుంటూ గొంతు పెంచాం. అమ్మ నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకొని మూసి, మోకాళ్ల మీద పెట్టుకుంది.

"నీకు బుగులు. మీ బాపుకు బుగులు. ఆ మానుకోటోనికి ఫోన్ల బుగులు. మరి నాకు?" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "ముప్పై ఏండ్లు. ఈయన బాయిల దిగితె మల్ల మొకం చూసేదాక నా పానం నా తాన లేదు. జర ఆల్సమైతె చాలు, ఎవ్వలన్న ఉరికొస్తున్నరా అని రోడ్డు దిక్కు చూసుడు. రెండో దారి ఉంటదని లోకమంత చెప్తడు. నాకు యాడిది రెండో దారి? నాకు గీ వాకిలొక్కటే. గీడ నిలవడి చూసుడే. ఎన్నడన్న నేను పోవద్దన్ననా?"

బాపు అమ్మ మొహం వైపు చూశాడు. "మరి ఎన్నడు చెప్పకపోతివి" అన్నాడు.

"బాయికి పోయెటోనికి బుగులు చెప్తరా? అందుకే గద కూర అడిగేది."

నేను తల ఎత్తలేకపోయాను. నేను నవ్వుకున్న ముప్పై ఏళ్ల టమాట పప్పు అదన్నమాట. భయం నాకొక్కదానికే ఉందనుకొని, దాన్ని అమ్మ మోకాళ్ల చాటున దాచిపెట్టుకున్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది. బాపు నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. జీతం కాగితం మీద సంతకానికి తప్ప పెన్ను పట్టని మనిషి, కళ్లద్దాలు పెట్టుకొని, నేను కొట్టేసిన వరుస కింద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మళ్లీ రాశాడు. "అద్దం పడవ" అని.

పోయినం. విమానంలో నేను కళ్లు తెరిచిందే తక్కువ కాబట్టి దాని గురించి చెప్పేదేమీ లేదు. రెండో రోజు పొద్దున పడవలు ఆగే రేవుకు పోయాం. నీళ్లలో తేలే నారింజ రంగు కోటు తొడుక్కొని, కొంగు బిగించి అమ్మ అందరికంటే ముందు నిలబడింది. పడవ నడిపే అతను మన శ్రీకాకుళం వైపు మనిషి. బాపు అతన్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "అన్నా, దీనికి రెండో దారి ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు. అతను బాపును ఎగాదిగా చూసి, "నీళ్లల్లో దార్లేటి బాబూ? అన్నీ దార్లే" అన్నాడు. బాపు ఆ మాటను నమ్మనూ లేదు, కాదననూ లేదు. నేను బాపు మోచెయ్యి వదల్లేదు. ఆయన పడవలో పెట్టబోయిన కాలు ఆగిపోయింది నా వల్లనో, ఆయన వల్లనో, ఇప్పటికీ మా ఇద్దరికీ తెలియదు. అమ్మ మమ్మల్ని చూసి నవ్వి, "ఉండున్రి, ఉండున్రి. చెప్పులు చూసుకోన్రి" అని ఎక్కేసింది.

తాడు విప్పారు. పడవ కదిలింది. బాపు నాలుగడుగులు రేవు అంచుదాకా నడిచి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని అరిచాడు.

"ఏమే! అచ్చినంక ఏం తింటవ్?"

నీళ్ల మీద నుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఏదైనా!"

పడవ చిన్నదై మలుపు తిరిగింది. ముప్పావుగంట. బాపు గడియారం చూసుకున్నాడు, నా ఫోన్లో టైం అడిగాడు, మళ్లీ గడియారం చూసుకున్నాడు. ఎండకు కాదు, ఆయన చొక్కా వీపున తడిసింది. "గిట్లనే ఉంటదా బిడ్డా?" అన్నాడు కాసేపటికి, సముద్రం వైపు చూస్తూనే. అమ్మ చెప్పులు ఒళ్లో పెట్టుకొని పక్కన కూర్చున్నాను. అమ్మ తిరిగొచ్చి, ఎరుపు చేప, పసుపు చేప, దాని మీద గీతలు అని చిన్నపిల్లలా చెప్తుంటే బాపు ఒక్క మాటా వినలేదు, ఆమె మొహమే చూస్తున్నాడు. మర్నాడు నేనూ నీళ్లలో దిగాను, అమ్మ చెయ్యి పట్టుకొని, మోకాళ్ల దాకా. (ఒక అల నడుము దాకా వచ్చింది. అది దాని ఇష్టంతో వచ్చింది.) ఇంటికి రాగానే కురవి పోయాం. గుండు పని మంగలాయన రెండు నిమిషాల్లో ముగించి, "అయిపాయెనా?" అని ఆయనే ఆశ్చర్యపోయాడు.

ఆ తర్వాత నాకు పెళ్లై, పాప పుట్టి, ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాం. ఆరో తరగతికి ద్వీపం పాఠం ఇప్పటికీ నేనే చెప్తాను, ఆలుగడ్డ బొమ్మ ఇప్పటికీ అదే. ఆదివారాలు మా పాపను ఈత నేర్పే కొలను దగ్గరికి తీసుకుపోతాను. అది అంచున నిలబడి ఈత కళ్లద్దాలు సర్దుకుంటుంటే, "పైలం" అనాలని నాలుక చివరిదాకా వస్తుంది. మింగేసి, "అచ్చినంక ఏం తింటవ్ బిడ్డా?" అని అడుగుతాను. "ఎప్పుడు గదే అడుగుతవేందమ్మా" అని విసుక్కుని, "ఏదైనా" అంటూ దూకేస్తుంది. చేతికంటిన సుద్ద దులుపుకుంటూ ధైర్యంగా నిలబడిన ఆ ఇరవై నాలుగేళ్ల టీచరమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాప తల నీళ్ల పైకి వచ్చేదాకా ఆగి, అప్పుడు దాని చెప్పులు నా దగ్గరికి జరుపుకుంటాను.