పూజ అయిన బండి

కొత్త జిల్లాలు ఏర్పడి, కందుకూరు నెల్లూరుకూ చీరాల బాపట్లకూ పోయి, మేము మాత్రం ప్రకాశంలోనే మిగిలిన ఏడాది వేసవిలో నన్ను గిద్దలూరు నుంచి మార్కాపురం బ్రాంచికి బదిలీ చేశారు. పాత వాహనాలకు అప్పులిచ్చే ఒక ప్రైవేటు ఫైనాన్సు సంస్థలో నేను వాల్యూయరుని. దరఖాస్తు తెచ్చేది ఫీల్డు ఆఫీసరు. బండిని చూసి రిపోర్టు రాయవలసింది వాల్యూయరు. దాని మీద సంతకం పెట్టి అప్పు మంజూరు చేసేది బ్రాంచి మేనేజరు. బాగా పాతబడిన డీజిలు బండి అయితే, వాల్యూయరు ‘ఫిట్’ అని రాయనిదే మేనేజరు కూడా ఏమీ చేయలేడు. హోదాలో ఆయనకంటే చాలా కింద ఉన్నా, ఆ ఒక్క కాగితం మీద మాత్రం నా మాటే చివరిది.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. చిన్నతనంలో జబ్బు చేసి సరిగా నడవలేకపోతే అమ్మ ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. నాయన డీజిలు మెకానిక్కు. ఆయన షెడ్డు గిద్దలూరులో మా ఇంటి ముందు భాగమే కాబట్టి లెక్కలూ, ఇంజన్లూ నాకు అక్కడే వచ్చాయి. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. నాకు అన్నం పెట్టిన విద్య నా ఇంటి గడప దాటకుండానే దొరికింది. ఆ ఇద్దరినీ ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోకుండా ఏ బండి దగ్గరికీ వెళ్లలేదు.

నాయన ఒక మాట అనేవాడు. “వేడి మీదుండే ఇంజను అబద్ధం చెప్తాది తల్లీ. చల్లగున్నప్పుడు దానికి నటించేది రాదు.” పెట్రోలు బండిలో మాదిరి డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. లోపలి గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. లోపల అరిగిపోయి ఆ అదుము తగ్గిన ఇంజను, రాత్రంతా నిలబడి చల్లారితే పొద్దున్నే తొందరగా పట్టుకోదు. ఒకసారి వేడెక్కిందా, మంచిదానికీ చెడ్డదానికీ తేడా కనిపెట్టడం కష్టం. అందుకే బండి దగ్గరికి పోగానే మేము చేసే మొదటి పని, బానెట్ మీద అరచెయ్యి ఆనించడం. వేడిగా తగిలితే ఆ పూటకు ఇంజను పరీక్ష లేదు.

మార్కాపురంలో చేరిన కొద్దిరోజులకే త్రిపురాంతకం నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. పెట్టినాయన సుబ్బరాయుడు, అక్కడ కిరాణా దుకాణం. ఆయన భార్య రమణమ్మకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. మా పడమటి మండలాల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. వారంలో కొన్ని రోజులు ఆమెను మార్కాపురం తీసుకొచ్చి రక్తం శుద్ధి చేయించాలి. పోయేటప్పుడు బస్సులో ఎట్లాగో కూర్చునేది. తిరిగి వచ్చేటప్పుడు ఒళ్లు తేలిపోయి, వాంతులై, బస్టాండులో సిమెంటు బల్ల మీద పడుకుని బస్సుల్ని వదులుకునేది. ఆటో ఎక్కితే కుదుపులకు తట్టుకోలేదు. వెనక సీట్లో కాళ్లు చాపుకుని పడుకుని ఇల్లు చేరే ఒక పాత డీజిలు కారు ఉంటే చాలన్నది ఆ ఇంటి కోరిక. అంతకు మించి వాళ్లకు కారుతో పనిలేదు.

నేను బస్సు దిగి దుకాణం దగ్గరికి వెళ్లేసరికి కారు ఎదురుగానే ఉంది. ముందు అద్దానికి బంతిపూల దండ, బానెట్ మీద పసుపు, కుంకుమ, స్టీరింగుకు కట్టిన పసుపు దారం. చక్రాల కింద నిమ్మకాయలు నలిగి ఉన్నాయి. కనిగిరి నుంచి బండి తెచ్చిన బ్రోకరు శీనయ్య పక్కనే నిలబడి, పిల్లల్ని బడికి దింపిన బండని చెబుతున్నాడు. పొద్దున్నే నేరుగా కొండ మీది గుడికి తీసుకుపోయి వాహన పూజ చేయించారట. బానెట్ మీద చెయ్యి ఆనించాను. పెనం మాదిరి కాలింది.

మా వైపు ఇదొక పద్ధతి. కొన్నాక పూజ చేయించడం అంతటా ఉన్నదే. కానీ కొందరు బ్రోకర్లు కొనకముందే, వాల్యూయరు రాకముందే, “ముందు స్వామికి చూపించుకోండి, మంచిది” అంటారు. దాని వల్ల రెండు పనులు జరుగుతాయి. బండి వేడెక్కుతుంది. పూజ అయిన బండిని ఇంటి ముందు నుంచి వెనక్కి పంపడానికి ఏ కుటుంబానికీ మనసొప్పదు. పసుపు కుంకుమలు పెట్టినదాన్ని వద్దంటే కీడని భయం. ఆ భయం నాకు తెలియనిది కాదు, నేనూ ఆ నమ్మకాల్లో పుట్టినదాన్నే.

ఇంజను రేపు పొద్దున చూస్తాను, బండి రాత్రంతా ఇక్కడే నిలబడాలి, నేను వచ్చేదాకా ఎవరూ తాళం తిప్పకూడదు అన్నాను.

శీనయ్య నవ్వాడు. “కొండ మీద స్వామి చూసినాక ఇంక మీరు చూసేదేముంది మేడం? ఆయనకంటే పెద్ద వాల్యూయరా మీరు?”

దుకాణం ముందున్నవాళ్లంతా నవ్వారు. “స్వామి రిపోర్టు మీద సంతకం పెట్టడు గదా నాయనా, నేను పెట్టాల,” అన్నాను. మళ్లీ నవ్వారు గానీ, సుబ్బరాయుడు నవ్వలేదు.

ఆ పూటకు చేయగలిగింది చేశాను. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోయింది. పాత అప్పు తీరినట్టు కాగితం ఉంది. తలుపుల అంచుల్లో రబ్బరు ఎత్తి చూస్తే తిరిగి రంగు వేసిన జాడ లేదు. మీటరులో తిరిగిన దూరం తక్కువే. మీటరును మేము నమ్మం. క్లచ్చి పెడలు రబ్బరు చూస్తాం. అది నున్నగా అరిగిపోయి ఉంది. చివరికి సీటు బెల్టును మొదలుదాకా లాగాను. బయటికి కనిపించే భాగాన్ని అందరూ కడుగుతారు, లోపల చుట్టుకుని ఉండే మడతను ఎవరూ కడగరు. మడతల్లోంచి బూడిదరంగు పొడి రాలింది. వేళ్ల మధ్య నలిపితే జారే మెత్తన. అది పలక పొడి, మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి గనుల్లో లేచేది. పిల్లల్ని బడికి దింపిన బండని శీనయ్య చెప్పింది నిజం కాదు. గనుల దారిలో చాలాకాలం తిరిగింది. ఆ పొడిని పీల్చిన ఇంజను లోపల ఎట్లా ఉంటుందో ఊహించగలను. కానీ ఊహను రిపోర్టులో రాయకూడదు.

సుబ్బరాయుడు నన్ను పక్కకు పిలిచాడు. “అక్కా, పసుపు కుంకుమ పెట్టినాక రేపు మీరొచ్చి బానెట్ మూత తీసి, అది బాగలేదు, ఇది బాగలేదంటే ఇంటికి మంచిది గాదు. ఇంట్లో మనిషి అట్ల ఉంది. ఈరోజే రాసెయ్యండి.” ఆ మాటలో దబాయింపు లేదు. ఒట్టి భయమే ఉంది.

దుకాణం లోపల నవారు మంచం మీద పడుకుని ఉన్న రమణమ్మ వింటూనే ఉంది. లేచి కూర్చుని ఎడమ చెయ్యి ముందుకు చాపింది. సూదులు గుచ్చీ గుచ్చీ నరం తాడులాగా ఉబ్బి ఉంది. మణికట్టుకు గుడిలో కట్టిన దారం.

“నా చేతికీ స్వామి దారమే కట్టినారు. అందుకని డాక్టరు సూది పొడవకుండా ఉన్నాడా? తియ్యనీ మూత.”

మొగుడు ఏదో అనబోతే, “దాంట్లో పండుకుని పొయ్యేది నేను. నువ్వు గాదు,” అంది. తర్వాత శీనయ్య వైపు చెయ్యి చాపి, “తాళం ఇటియ్యి నాయనా. స్వామి పటం కింద పెట్టుకుంటా. ఆయన చూసుకుంటాడులే, నువ్వు పోయి అన్నం తిను,” అంది. శీనయ్య తాళం ఇవ్వక తప్పలేదు.

మరునాడు మొదటి బస్సుకు వెళ్లాను. బానెట్ చల్లగా ఉంది. దండకు నమస్కారం చేసి పక్కకు జరిపి, మూత ఎత్తాను. నీళ్ల డబ్బా మూత చల్లారిన ఇంజను మీదే విప్పాలి, వేడిలో విప్పితే మొహం కాలుతుంది. నీళ్ల మీద నూనె జిడ్డు తెట్టు కట్టి ఉంది. ఆయిల్ కొలిచే పుల్ల తీస్తే ఆయిలు కొత్తది, ఉండవలసినదానికంటే చిక్కన. లోపలి చప్పుడు వినిపించకుండా చిక్కటి ఆయిలు పోయడం పాత ఉపాయం. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూలల్లో మళ్లీ అదే బూడిదరంగు పొడి.

అప్పుడు తాళం తిప్పమన్నాను. ఇంజను చాలాసేపు ఏడ్చి ఏడ్చి పట్టుకుంది. వెనక తెల్లపొగ లేచింది. నల్లపొగ అయితే డీజిలు ఎక్కువ పోతున్నట్టు, నీలం పొగ అయితే ఆయిలు కాలుతున్నట్టు. తెల్లపొగ చలికాలం పొద్దున కాసేపు వచ్చి పోతే తప్పు పట్టం. ఎండాకాలంలో దానికి సాకు లేదు. అది ఆగలేదు. ఆయిలు పోసే మూత వదులు చేస్తే, కింద నుంచి తన్నే గాలికి అది ఎగిరెగిరి పడింది, లోపల అరిగిందనడానికి అదే గుర్తు. నీళ్ల డబ్బాలో బుడగలు మొదలయ్యాయి. సిలిండరు హెడ్డు కింద నీళ్లనూ మంటనూ వేరుచేసే గాస్కెట్ పోయింది, హెడ్డు కూడా పగిలి ఉండవచ్చు. అటువంటి బండి కొంతదూరం బాగానే పోతుంది. ఎండలో, ఎక్కడో ఒకచోట, నీళ్లు మరిగి నిలబడిపోతుంది.

రమణమ్మ గడపలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. “అక్కా, దారిలో ఆగిపోతాదా?” అని అడిగింది.

“ఆగిపోతుందమ్మా. ఏ రోజని చెప్పలేను.”

“అయితే వద్దు,” అంది.

‘నాట్ ఫిట్’ అని రాసి, కారణాలు వరసగా కింద పెట్టి, సంతకం చేశాను. శీనయ్య దండ కూడా తీయకుండానే బండిని తోలుకుపోయాడు. వీధిలోవాళ్లు చూస్తూ నిలబడ్డారు. “పూజైన బండి వాకిట్లోంచి వెనక్కి పోయింది,” అని ఎవరో అన్న మాట నాకు వినిపించింది. సుబ్బరాయుడికీ వినిపించింది.

తర్వాత మా ఫీల్డు ఆఫీసరు మార్కాపురంలో ఒక కారు చూపించాడు. పాతదే, కానీ ఒక టీచరు ఇంట్లో వాడుకున్నది, చల్లగా చూశాను, ఒక్క తిప్పుకే పట్టుకుంది. ‘ఫిట్’ అని రాయడానికి నాకేమీ అడ్డం లేదు. ఈలోగా ఆషాఢం వచ్చింది. మామూలుగానే శూన్యమాసమని ఆ నెలలో బండ్లు కొనరు. ఒకసారి వాకిలి నుంచి పూజైన బండి వెనక్కి పోయిన ఇల్లు కాబట్టి సుబ్బరాయుడు ఇంకా గట్టిగా పట్టుపట్టాడు. “శ్రావణంలో తెచ్చుకుంటామక్కా, ఈసారి తప్పు జరగగూడదు,” అన్నాడు ఫోనులో. వాదించాను. దేవుడికి నెలలన్నీ ఒకటేనని చెప్పాను. వినలేదు.

ఆ నెలంతా రమణమ్మ బస్సులోనే తిరిగింది. తిరిగి వచ్చే ప్రయాణానికి భయపడి మధ్యలో కొన్నిసార్లు రానేలేదట. శ్రావణం ఇంకా రాకముందే పోయింది.

పెద్దకర్మ అయ్యాక సుబ్బరాయుడు దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి మా బ్రాంచికి వచ్చాడు. దానికి నా సంతకం కూడా కావాలి. నా బల్ల ముందు కూర్చున్నాడు. “ఆ బండి ఉండుంటే పొయ్యొచ్చేది గదక్కా, అది ఎన్నాళ్లు తిరిగితే అన్నాళ్లు,” అన్నాడు. నన్ను నిందించడానికి అన్నట్టు లేదు. లెక్క వేసుకుంటున్నట్టు అన్నాడు. ఆ బండి ఎవరు కొన్నారో, ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలియదు. మళ్లీ అదే బండి, అదే పొద్దున నా ముందుకు వచ్చినా అదే రాస్తాను. ఆయనకు మాత్రం ఆ మాట చెప్పలేదు. సంతకం చేసి ఇచ్చాను.

పాత డీజిలు కారు కొనేవాళ్లు నన్ను ఇప్పటికీ సలహా అడుగుతుంటారు. వాళ్లకు రెండు సంగతులు చెబుతాను. మొదటిది, బండిని చల్లగా చూడండి, పూజ తర్వాత చేయించండి. దేవుడికి మొక్కవలసినవి చాలా ఉన్నాయి, గాస్కెట్ గురించి ఆయన్ను ఇరకాటంలో పెట్టకండి. రెండోది, ఒక బండి వద్దనుకున్నరోజే, ఇంకొకటి దొరికేదాకా ప్రయాణం ఎట్లాగో కూడా తేల్చుకోండి. రిటైరయ్యేదాకా నేను ‘నాట్ ఫిట్’ రాసిన ప్రతి ఇంట్లోనూ ఆ ప్రశ్న అడిగి, జవాబు విన్నాకే లేచాను. అవసరమైతే తెలిసిన డ్రైవరు నంబరు రాసిచ్చాను. రిపోర్టు ఒక చెడ్డ బండిని ఆపగలదు. ఆ ఇంటి అవసరాన్ని ఆపలేదు.

మూత తియ్యనీ అన్న ఆ తల్లికి నేను రుణపడి ఉన్నాను. ఆమె మాట వల్ల సరైన రిపోర్టు వచ్చింది. బండి రాలేదు.