ఫ్యాన్ ఆపిన గది

వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను మూసిన కళ్లపై వేసుకుంటే ఇవాళ్టికీ నాకు కుట్టుమిషను నూనె వాసన వస్తుంది. ఎంత కడిగినా కమలక్క చేతులను వదలని వాసన అది. సీతాఫల్‌మండిలో మా కింది వాటాలో ఉంటూ జాకెట్లు కుట్టేది. పదిమందిలో నోరు విప్పలేని నేను ఆమె గదిలో ఓ మూల కూర్చుని నవలలు చదువుకునేదాన్ని. ఒకనాడు నేను కళ్లు నలుపుకోవడం చూసింది.

"పుస్తకంల పడితే రెప్ప కొట్టుడు సుత మర్చిపోతవా పిల్లా? నాకూ గిదే తక్లీఫ్. కండ్ల డాక్టరమ్మ నేర్పింది, దా."

ముందు లేచి ఫ్యాన్ ఆపింది. "గాలికి కండ్లు ఇంకా ఆరుతయి." చేతులు కడుక్కుని, వెచ్చని గుడ్డ నా కళ్లపై కాసేపు కప్పి ఉంచి, వేలి కొసతో పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపు మెల్లగా నిమిరింది. రెప్పల అంచుల్లో గడ్డకట్టిన నూనె కరిగి కంట్లో తడి నిలుస్తుందట. ఎవరైనా తాకితే ముడుచుకుపోయే నేను కదలకుండా కూర్చున్నాను. ఆ తర్వాత రోజూ అదే పని. ఒకసారి నిమురుతూనే అంది: "నేను పోయినంక నా కండ్లు ఇచ్చేయాలె. చూపు లేనోళ్లకు పనికొస్తయని డాక్టరమ్మ చెప్పింది. మా తమ్మునికి చెప్తే నవ్విండు. నువ్వన్నా యాదుంచుకో."

"గట్ల అనకక్కా."

"ఏందీ, నీ నవలలల్ల ఎవ్వరూ చావరా?"

ఒక మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని దిగేసరికి మిషను మీద తల వాల్చి ఉంది. నిద్రనుకుని భుజం తట్టాను. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. పొద్దున్నే నా జడను ఎలుకతోకని వెక్కిరించిన మనిషి. నాకు ఏడుపు రాలేదు. మాటలు చెవిన పడుతున్నాయి, అర్థం కావడం లేదు. ఆమెను చాప మీద పడుకోబెట్టారు. గది జనంతో నిండింది. ఎవరో ఫ్యాన్ పూర్తిగా పెంచారు. కమలక్క కళ్లు సగం తెరిచే ఉన్నాయి.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. ఫ్యాన్ ఆపేశాను.

"ఏందమ్మా, జనం ఉడికిపోతున్నరు" అన్నాడు అప్పుడే వచ్చిన ఆమె తమ్ముడు.

"అక్క కండ్లు ఆరిపోతయి."

"పోయినోళ్ల కండ్లు ఆరితే ఏమైతది?"

అందరూ నావైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇస్తనన్నది. మీకు సుత చెప్పింది. మీరు నవ్విన్రంట."

అతను చాప పక్కన కూర్చున్నాడు. "చెప్పింది. తమాషాకనుకున్న. ఫోన్ చెయ్యి బిడ్డా."

ఐ బ్యాంకువాళ్లు ఫోన్లో చెప్పినట్టు ఆమె తల కింద దిండు పెట్టాను. ఆమె నాకు చేసినట్టే, వేలి కొసతో పై రెప్పలను కిందికి దించి, తడి దూది కప్పాను. ఆ రెప్పలింకా వెచ్చగానే ఉన్నాయి. కళ్లు తీసుకునేవాళ్లు వచ్చేదాకా, అంత ఉక్కలోనూ ఎవరూ స్విచ్ ముట్టలేదు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇప్పటికీ ఖాళీయే. జనంలో నాకు ఇప్పటికీ మాట పెగలదు. కానీ గుడ్డ పిండే ముందు, గదిలో ఎవరున్నా సరే, అడగకుండా లేచి ఫ్యాన్ ఆపేస్తాను.