మ్యాప్‌లో పచ్చగా ఉన్న పాత కాలనీ

మా ఆయనకు మందమర్రి బదిలీ అయింది. నేను కరీంనగర్‌లో ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. మందమర్రిలో నెట్ సరిగా రాకపోతే నా పని ఆగిపోయినట్టే. డాబా మీద చిన్న డిష్ బిగించి టవర్ నుంచి గాలిలోనే ఇంటర్నెట్ ఇచ్చే ఒక స్థానిక సంస్థ ఉంది. వాళ్ల మ్యాప్‌లో మందమర్రి మొత్తం పచ్చగా కనిపించింది. కనెక్షన్ తీసుకునే ముందు కళ్లతో చూసొద్దామని ఉదయం ఏడింటి బస్సెక్కాను.

సుల్తానాబాద్ దాకా రోడ్డుకు అటూ ఇటూ వరి పొలాలే. గోదావరి దాటి మంచిర్యాలలో దిగేసరికి పది దాటింది. అక్కడి నుంచి ఆటోలో అరగంట. మాకిచ్చిన క్వార్టర్ చుట్టూ చెట్లు గుబురుగా ఉన్నాయి. సంస్థ మనిషి డిష్‌ను ఎటు తిప్పినా డౌన్‌లోడ్ నాలుగైదు ఎంబీపీఎస్ దాటలేదు, అప్‌లోడ్ ఒకటి కూడా లేదు. టవర్‌కూ ఇంటికీ మధ్య అడ్డం ఉంటే ఇంతేనన్నాడు. అడ్డం లేకపోతే ఎంతొస్తుందో చూడాలంటే పాత కాలనీకి వెళ్లమన్నాడు. అక్కడ ఇంకా ఒక కనెక్షన్ నడుస్తోందట.

ఆటో డ్రైవర్ సాంబయ్య కల్వర్టు దగ్గరే బండి ఆపేశాడు. గని తవ్వకం దగ్గరికొస్తోందని ఆ కాలనీ జనాన్ని ఎప్పుడో పంపించేశారని చెప్పాడు. "గాడ మనుషుల్లేరు మేడం. మాటలు మాత్రం ఇనవడ్తయి. నేనీడనే ఉంట, జర జల్ది రాండ్రి."

లోపల చెట్లన్నీ కొట్టేశారు. ఇళ్లకు తలుపుల్లేవు, కప్పుల్లేవు. మిట్టమధ్యాహ్నం నా చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తోంది. చర్చి గోడ దాటగానే నిజంగానే మాటలు వినిపించాయి. ఎవరిదో దగ్గు, ఎవరిదో సన్నటి ఏడుపు. "బాపూ, నీ మనుమరాలి పెండ్లి కుదిరింది" అంటోందొక గొంతు. ఎదురుగా సమాధులు తప్ప ఎవరూ లేరు.

సమాధుల మధ్య నుంచి ఒకావిడ లేచి నిలబడింది. చేతిలో ఫోన్. గొంతులన్నీ అందులోవే. ఆమె పేరు మణెమ్మ, ఆ చర్చిని ఊడ్చేదట. కాలనీ వాళ్లు తలో ఊరికి వెళ్లిపోయారు గానీ సమాధులను ఇంకా తరలించలేదు. అందుకే చర్చి మీద డిష్, సోలార్ పలక పెట్టించి, వారానికోసారి మందమర్రి నుంచి వచ్చి, వీడియో కాల్‌లో ఎవరి వాళ్లను వాళ్లకు చూపిస్తోంది.

ఆమెనడిగి వైఫై కలుపుకుని కొలిచాను. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ ముప్పై. టవర్‌కు అడ్డం రావడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

అంతలో దూరంగా గని వైపు సైరన్ మోగింది. "పేలుడు పెడ్తున్నరు బిడ్డా. గోడ కాడ నిలవడకు, ఈడ కూసో" అని మణెమ్మ నా చెయ్యి పట్టి లాగింది. కింద నేల ఒక్కసారి అదిరింది. ఒక సిలువ పక్కకు ఒరిగింది. ఫోన్‌లో గొంతులన్నీ ఆగిపోయాయి. మా మీద దుమ్ము రాలుతుండగా ఎవరో మెల్లగా అడిగారు. "మణెమ్మక్కా, ఉన్నవా?"

ఆమె ఫోన్‌ను సమాధుల వరుస పొడవునా తిప్పింది. "ఉన్న. అందరున్నరు."

మేం చివరికి మంచిర్యాలలో నెట్ సరిగా అందే ఇల్లు తీసుకున్నాం. ఆయన రోజూ వెళ్లొస్తున్నారు. సమాధులను కూడా త్వరలో తరలిస్తారని మణెమ్మ ఆ రోజు చెప్పింది. కొత్త చోట టవర్ అందుతుందా అని అడిగాను. తెలుసుకోలేదంది, తెలుసుకోవాలంటే భయమేస్తోందంది. ఆ గొంతులు ఆగిపోయిన ఆ కాసేపు నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

ఇలాంటి కనెక్షన్ తీసుకునేవాళ్లు ముందు మీ డాబా మీదే డిష్ పెట్టించి చూడండి. డౌన్‌లోడ్ ఒక్కటే చూసి ఊరుకోకండి, అప్‌లోడ్ కూడా కొలిపించండి. మన మాట అవతలి వాళ్లకు చేరేది దానితోనే.