రీలులో మిగిలిన ఒక్క ఫొటో

నా చిన్నప్పుడు మా మేనమామ నంద్యాలలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాడు. సెలవుల్లో నేను ఆళ్లగడ్డలో అవ్వా తాతల దగ్గరుండగా, ఒక ఆదివారం యజమానిని బతిమాలి కెమెరా తెచ్చాడు. దానికి కొత్త లెన్సు ఉంది. జూమ్ లేదు, మనిషి దగ్గరగా కనపడాలంటే మనమే నాలుగడుగులు ముందుకు వేయాలి. కానీ చీకటి ఇంట్లో కూడా ఫ్లాష్ లేకుండా ఫొటో వస్తుంది. లెన్సును పూర్తిగా తెరిస్తే మాత్రం గురిపెట్టిన చోటొక్కటే స్పష్టంగా ఉంటుందని, మిగతాదంతా మసకేనని మామ చెప్పాడు. పదేళ్ళ పిల్లను, సగమే విన్నాను.

అవ్వ అప్పటిదాకా ఫొటో దిగి ఎరుగదు. నేనే తీస్తానని పట్టుబట్టి, ఆమెను వంటింటి గడపలో కూర్చోబెట్టి, ముఖంలో బాగా మెరుస్తున్న దానిమీద గురిపెట్టి నొక్కాను.

మరుసటి ఆదివారం మామ ఆ ఫొటో కడిగించి, కెమెరాతో సహా తెచ్చాడు. ముక్కుపుడకలో రాళ్ళు ఎన్నో లెక్కపెట్టుకోవచ్చు. కళ్ళు మాత్రం పొయ్యి పొగలోంచి చూసినట్టున్నాయి.

"బాగుండాదిలే పాపా. నేను సచ్చినాక గోడకు తగిలిస్తే ముక్కుపుడక సూసి గుర్తుపడతారు" అంది అవ్వ. అందరూ నవ్వారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఈసారి కెమెరాలో స్టూడియో వాళ్ళ రీలు ఉంది. అందులో ఒక్క ఫొటో మిగిలింది, కెమెరా సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. ఆ ఒక్కటీ మా తాతకని ముందే అనుకున్నారు. తాత శిల్పి. నెలల తరబడి చెక్కిన అమ్మవారి విగ్రహం ఆ మధ్యాహ్నమే లారీలో ఏదో దూరపు గుడికి వెళ్ళిపోతుంది. జన్మంతా చెక్కినవి అలాగే వెళ్ళిపోయాయి, ఒక్కదాని ఫొటో కూడా ఆయన దగ్గర లేదు.

తాత నన్ను తాను పనిచేసే కొట్టంలోకి పిలిచి విగ్రహం ఎదుట నిలబెట్టాడు. మా వాళ్ళు విగ్రహానికి కళ్ళు ఆఖరున గాని చెక్కి తెరవరు. నగలూ పెదవుల మీది నవ్వూ అన్నీ ఉన్నాయి, కళ్ళ చోట నున్నటి రాయి.

"ముక్కుపుడక నేనూ బాగానే చెక్కినా. నిన్ను సూస్తాండాదా?"

లేదన్నాను. తాత సన్న ఉలి తీసుకుని పనిలో పడ్డాడు. చివరి దెబ్బ పడి ఆయన పక్కకు జరగ్గానే, అమ్మవారు నన్నే చూసినట్టయి ఒక అడుగు వెనక్కి వేశాను.

బయట లారీ వచ్చి ఆగింది. మామ కెమెరా నా చేతికిచ్చి, త్వరగా తీయమని తొందరపెట్టాడు.

"బొమ్మను యాడికి పోయినా జనం సూస్తారు. మీయమ్మను పిల్చు" అన్నాడు తాత మామతో.

"నాయనా, మళ్ళా దొరకదు."

"పోనీ."

అవ్వ వచ్చి కొట్టం వాకిట్లో కూర్చుంది. ముక్కుపుడక మళ్ళీ తళుక్కుమంది. దాన్ని వదిలేసి, ఆమె కంటిమీద గురి నిలిపి, ఊపిరి బిగబట్టి నొక్కాను. ఆ తరువాత లారీ మలుపు తిరిగేదాకా తాత రోడ్డు మీదే నిలబడ్డాడు.

అవ్వ పోయాక గోడకు తగిలించింది ఆ ఫొటోనే. చూపు కెమెరా వైపు లేదు. నా తలమీదుగా, వెనక నిలబడ్డ తాత వైపు ఉంది. ఆయన ఏం వదులుకున్నాడో ఆమెకు తెలుసు.

ఇప్పుడు నా మనవరాలు అలాంటి లెన్సే కొనుక్కుంది. కళ్ళను కెమెరానే వెతికి పట్టుకుంటుందట. సంతోషం. నేను మాత్రం ఎవరి ఫొటో తీయబోయినా, వాళ్ళు ఎవరిని చూస్తున్నారో ముందు చూసుకుంటాను.