తెల్లబడిన ప్లగ్గులు

పాత టూ స్ట్రోక్ బండి ప్లగ్గు చేతిలో పెడితే ఆ బండి తోలేవాడు ఎలాంటివాడో చెప్పగలనని నాకు ఒకప్పుడు గొప్పగా ఉండేది. ప్లగ్గు మూతి మీద తడి మసి ఉంటే పెట్రోల్లో ఆయిలు మరీ ధారాళంగా కలుపుతున్నాడని అర్థం. వేరుశనగ పప్పు మీది పొట్టు రంగులో, పొడిగా ఉంటే అంతా బాగున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మాత్రం లోపల వేడి హద్దు మీరిందని, పిస్టన్‌కు రోజులు దగ్గర పడ్డాయని. ఉదయగిరి బస్టాండు రోడ్డులో నా షాపు. వరికుంటపాడు నుంచీ దుత్తలూరు నుంచీ కొందరు బండిని ఇంటి దగ్గరే వదిలేసి, ప్లగ్గు ఒక్కటి కాగితంలో చుట్టి, చొక్కా జేబులో వేసుకొని బస్సెక్కి వచ్చేవాళ్లు. కళ్లజోడు పైకి తోసి చూసి, నాలుగు తిట్లు తిట్టి, ఏం చేయాలో చెప్పి పంపేవాణ్ణి. తిట్టకపోతే సరిగా చూడలేదేమోనని వాళ్లకు అనుమానం.

టైమింగ్ పెట్టడం దాని కంటే పెద్ద పని. పిస్టన్ పైకంటా చేరడానికి కాస్త ముందుగా ప్లగ్గులో నిప్పురవ్వ పడాలి. ఆ రవ్వ పుట్టేది పాయింట్లు విడిపోయిన క్షణంలో. పాయింట్లంటే మరేం లేదు, ఒకదానికొకటి ఆనుకొని ఉండే రెండు చిన్న లోహపు బిళ్లలు. అవి ఎప్పుడు విడిపోయాయో కంటికి తెలియదు. అందుకని సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ముక్క వాటి మధ్య పెట్టి, ఒక చేత్తో మాగ్నెట్ చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, రెండో చేత్తో ఆ కాగితాన్ని వచ్చీ రానట్టు లాగుతూ ఉండాలి. కాగితం వదిలిందంటే పాయింట్లు విడిపోయినట్టే. అది చక్రం మీది గుర్తు దగ్గర వదలకపోతే పాయింట్లు బిగించిన ప్లేటును ఇంత అటో ఇటో జరపాలి. నేను జన్మలో సిగరెట్టు తాగలేదు గానీ సిగరెట్ పెట్టె లేకుండా షాపు తెరిచిన రోజు లేదు. పనంతా ఆ రెండు వేళ్లదే.

ఆ వేళ్లు పోయాయి. ఒక్కరోజులో పోలేదు. సుగరు వచ్చి పదేళ్లు దాటింది. ముందు కాళ్లు. చెప్పు ఎక్కడో జారిపోతే వట్టి కాలితో షాపు దాకా నడిచి వచ్చేవాణ్ణి, ఎవరో చెప్తే గానీ తెలిసేది కాదు. తర్వాత చేతులు. నట్టు పట్టుకుంటే నట్టు కాదు, గుడ్డలో చుట్టిన నట్టు పట్టుకున్నట్టు. ఒకరోజు సైలెన్సరు మీద బొటనవేలు ఆనించి మాట్లాడుతూ కూర్చున్నాను. ఏదో కాలిన వాసన వస్తోందని అన్నది నేనే.

నా భార్య పోరు పడలేక, స్పేర్ల కోసం ఆత్మకూరు పోయినప్పుడు డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నన్ను కళ్లు మూసుకోమన్నాడు. నైలాను దారం ఒకటి చేతిలో పట్టుకొని, అది నా వేళ్లకు తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. నాకేం తగల్లేదు. కానీ మనిషి ఎదురుగా కూర్చొని కష్టపడుతున్నాడు గదా అని మధ్యమధ్యలో "తగిలింది సార్" అంటూ వచ్చాను. నాలుగుసార్లు అన్నాక ఆయన, "నేనింకా మొదలే పెట్టలేదు" అన్నాడు. నవ్వు రావాల్సింది. రాలేదు. మాత్రలు రాసిచ్చాడు, తీసుకున్నాను, పాయింట్ల సెట్లు రెండు కొనుక్కొని బస్సెక్కాను.

ఆ తర్వాత తెల్ల ప్లగ్గులు మొదలయ్యాయి. మొదటిది వరికుంటపాడు నుంచి వచ్చింది. పెట్రోల్లో కల్తీ అన్నాను. రెండోది ఒక రిటైరైన పంతులుగారిది. కార్బరేటర్ దగ్గర గాలి లీకన్నాను. ఆయన బండి మాత్రం ఇప్పి చూశాను. లీకు లేదు. రవ్వ చాలా ముందుగా పడుతోంది. నెల కిందట నేను పెట్టిన టైమింగే అది. కాగితం వదిలిన సంగతి నాకు ఆలస్యంగా తెలుస్తోంది. వదిలాక చక్రం ఇంకాస్త తిరిగితే గానీ నా వేళ్లకు అందడం లేదు. వేళ్లకు అందిన చోటే చక్రం మీది గుర్తుకు సరిపోయేలా నేను ప్లేటు జరుపుతున్నాను. నాకు తెలియడం ఎంత ఆలస్యమైతే, రవ్వ అంత తొందరగా పడుతోంది.

ముప్పై ఏళ్లు జనాన్ని వాళ్ల ప్లగ్గులు చూసి తిట్టినవాణ్ణి. ఇప్పుడు తిట్టాల్సింది ఎవరినో తెలిసింది. సిగ్గు వేయాలి, కనీసం భయమన్నా వేయాలి. ఏమీ వేయలేదు. ప్లేటును అంచనాగా వెనక్కి జరిపి మూత బిగించాను. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మామూలుగానే షాపు తెరిచాను. వచ్చిన బండికి వచ్చినట్టే టైమింగ్ పెట్టాను.

దుత్తలూరు అవతల ఊర్లో గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అన్నా అంటాను. నా షాపు రేకుల పంచగా ఉన్నప్పటి నుంచీ ఆయన బండి నా దగ్గరికే వస్తుంది. పోయిన ఎండాకాలం టైమింగ్ పెట్టించుకొని పోయాడు. తర్వాత రెండు నెలలకు, భార్యను వెనక కూర్చోబెట్టుకొని వింజమూరు పోయి వస్తుంటే, నడిరోడ్డు మీద పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి ఈడ్చుకుంటూ పోయి పడింది. ఆయనకు మోకాలు గీసుకుపోయింది. ఆమెకు కుడి మణికట్టు విరిగింది. ఆత్మకూరులో కట్టు కట్టించారు.

మూడు వారాలకు బండిని ఆటోలో వేసుకొచ్చాడు. నేను ప్లగ్గు ఇప్పాను. తెల్లటి పింగాణీ, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. కరిగిన పిస్టన్ తునకలవి. ప్లగ్గు నా అరచేతిలో ఉండగానే ఆయన, "పెట్రోలు కల్తీ అయ్యుంటాదిలే అబ్బయా" అన్నాడు. నేను నలుగురికీ చెప్పే అబద్ధాన్ని నేను అడగకుండానే నా చేతికిచ్చాడు. తీసుకున్నాను. "అంతే అయ్యుంటాదన్నా" అన్నాను. ఆమె ఎట్లా ఉందని అడగలేదు.

సిలిండరు ఆత్మకూరు తీసుకుపోయి, గీతలు పడిన లోపలి గోడ నున్నగా అయ్యేలా బోరు కొట్టించి, కొత్త పిస్టన్ తెచ్చి ఎక్కించేసరికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఇక టైమింగ్ పెడితే అయిపోతుందనగా ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కాగితం చింపాను. పాయింట్ల మధ్య పెట్టాను. చక్రం మీద చెయ్యి వేశాను. తిప్పలేకపోయాను. చెయ్యి బాగానే ఉంది, తిప్పవచ్చు. కానీ తిప్పితే మళ్లీ అదే జరుగుతుందని నాకు తెలుసు.

"అన్నా, పెట్రోలు కాదు. నా వేళ్లకు స్పర్శ లేదు. టైమింగ్ తప్పు పెట్టినాను" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

చక్రం మీద చెయ్యి తీసి ఆయన వైపు తిరిగాను.

"పోయినసారి చూస్తానే ఉండాను గదా. కాగితం ఊడి కింద పడిపొయ్యింది. నువ్వు వట్టి వేళ్లు నొక్కి పట్టుకొని ఇంకా లాగతానే ఉండావు."

"చూసి ఎందుకు చెప్పలా?"

"చెప్తే నువ్వింక బండి ముట్టుకోవు. ముట్టుకోకపోతే నీకు వేరే ఏం పనొచ్చు?"

"తెలిసి వదినను ఎక్కించుకున్నావా?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. బస్సు ఒకటి వచ్చి, జనాన్ని దించి, పోయింది. "రెండు నెల్లు బాగానే తిరిగింది. ఏం కాదులే అనుకున్నా" అన్నాడు.

ఏడుపు రావాల్సిన చోటు అది. నాకు తెలుసు. ఎవరైనా ఈ సంగతి నాకు చెప్పి ఉంటే, వినే నాకు వచ్చి ఉండేది. నేను లేచి మాగ్నెట్ మూత పెట్టి, స్క్రూలు బిగించాను. టైమింగ్ నేను పెట్టనని, ఆత్మకూరులో నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడని, అక్కడికి తీసుకుపొమ్మని చెప్పాను. ఎవరు వచ్చినా ఇక ఇదే చెప్తానన్నాను. ఆయన లేచి పోయి ఆటో పిలుచుకొచ్చాడు.

ఇద్దరం కలిసి బండిని ఆటోలోకి ఎక్కించాం. హ్యాండిల్ ఆయన పట్టుకున్నాడు, నేను వెనక నుంచి తోశాను. తాడు కడుతుంటే అడిగాను, "వదినకు చెయ్యి ఎట్టుండాది?" అని. నెలన్నరలో ఆ మాట అడగడం అదే మొదలు.

ఆయన ముడి బిగించి, లాగి చూసుకొని చెప్పాడు.

"కట్టు ఇప్పినారు. ఎముక అతుక్కున్నాదంట. వేళ్లకే పట్టు రాలా. గంటె పట్టుకుంటే జారిపోతాండాది. సంగటి నేనే కెలకతాండా."